అరకు దాటి పైకి: కోరాపుట్, రాయగడల్లో చూసినవి, ఉన్నవి, కొన్నవి

శీతాకాలం శనాదివారాల్లో అరకులో ఇప్పుడు కారు ఆపుకోవడానికే చోటు దొరకడం లేదు. అందుకని విశాఖ, హైదరాబాద్ కుర్రకారులో ఒక వర్గం అరకులో దిగడమే మానేసింది. అదే కిరండూల్ రైల్లో ఇంకాస్త ముందుకెళ్లి ఒడిశాలోని కోరాపుట్‌లో దిగుతోంది. జనం ఇంకా రాని చోటు ఏదైనా ఉంటే వాళ్లకు అదే కావాలి.

నేను సునాబెడ టౌన్‌షిప్‌లో పెరిగాను. మా నాన్నగారు అక్కడి హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల కర్మాగారంలో పనిచేసేవారు. మా చిన్నప్పుడు చుట్టాలను రమ్మంటే "ఆ అడవిలో ఏముంది" అనేవారు. ఇప్పుడు ఆ చుట్టాల పిల్లలే ఇక్కడ గది దొరకడం లేదని నాకు ఫోన్లు చేస్తున్నారు. వాళ్లలో మా చిన్నమ్మ కొడుకు ఒకడు. ఈసారి వాణ్ణి వెంటబెట్టుకుని సిమిలిగుడ, కోరాపుట్, జయపురం, కోట్‌పాడ్ తిరిగి, రాయగడ మీదుగా చాటికోనా సంత దాకా వెళ్లొచ్చాను. దారులు, వసతులు ఎలా ఉన్నాయో రాస్తాను. అందరికన్నా వేరుగా ఉండాలనే ఈ తపన మా కొండల్లో ఏం మార్పు తెస్తోందో కూడా రాయాలి. ఇక్కడి హోమ్‌స్టేలు పుట్టిందే ఆ తపన కోసం.

ముందు మా తమ్ముడి సంగతి. పెంచిన గడ్డం, చేనేత చొక్కా, మెడలో రీలు వేసే పాత కెమెరా. సంచిలో చేత్తో తిప్పే కాఫీ గ్రైండరు, గ్రాముల్లో తూచే చిన్న తూకం. వాడి స్నేహితులూ దాదాపు ఇలాగే ఉంటారు. బయటివాళ్లు వీళ్లని హిప్‌స్టర్లు అంటారు. వీళ్లలో ఒక్కరూ ఆ పేరు ఒప్పుకోరు. "నేనా? లేదక్కా, నాకు కాఫీ ఇష్టం, అంతే" అంటాడు మావాడు. ఆ పేరు పుట్టిన అమెరికాలోనూ దాన్ని తనకు తాను పెట్టుకున్నవాళ్లు అరుదు. 1940లలో జాజ్ సంగీతం చుట్టూ తిరిగే కుర్రాళ్లను అలా పిలిచేవారు. 1990ల చివర్లో న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ పేటలో ఆ పేరు మళ్లీ లేచింది. దళసరి ఫ్రేము కళ్లజోడు, ఒకే గేరు సైకిలు, గ్రామఫోన్ రికార్డులు, ఇంకెవరికీ తెలియని బ్యాండ్ల పాటలు వాళ్ల గుర్తులయ్యాయి.

గుర్తులు పెట్టుకోవడం కొత్తేమీ కాదు. 1950లలో లండన్ కార్మిక కుటుంబాల కుర్రాళ్లు, టెడ్డీ బాయ్స్ అనేవాళ్లు, ఎడ్వర్డ్ రాజు కాలం నాటి దొరల పొడుగు కోట్లు వేసుకుని వీధుల్లో తిరిగారు. 1970లలో పంక్ సంగీతం వెంట తిరిగే కుర్రకారు పిన్నీసును చొక్కాకీ చెవికీ గుచ్చుకున్నారు. మనకు 1965లో దిగంబర కవులు ఆరుగురూ పాత పేర్లు వదిలి కొత్త పేర్లు పెట్టుకున్నారు; తమ మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి పూట ఒక రిక్షా కార్మికుడి చేత విడుదల చేయించారు. అందరికీ తెలిసిన కోటునో, పిన్నీసునో, పేరునో తీసుకుని దానికి ఇంకో అర్థం ఇవ్వడమే వీళ్లందరూ చేసిన పని. కానీ దొర కోటు వేసుకున్న కార్మికుడి కొడుకు దొరలకు ఒక మాట చెబుతున్నాడు. దిగంబర కవులకు ఆనాటి సమాజం మీద కోపం ఉంది. హిప్‌స్టర్లు ఎవరికి ఎదురు నిలబడ్డారన్నది మాత్రం అంత తేలిగ్గా తేలదు. పదిమందికీ నచ్చేది వద్దనుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఈ ప్రయాణమంతా నా మనసులో మెదిలింది ఇదే.

దారి గురించి. విశాఖ నుంచి పగటిపూట రైలు అందంగా ఉంటుంది, కానీ నెమ్మది. ఒక్క జాగ్రత్త: అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ స్టేషన్ వేరు, ఒడిశాలోని సిమిలిగుడ పట్టణం వేరు. 996 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ స్టేషన్‌లో పేరు చూసి దిగిపోతే మా ఊరికి చేరలేరు. సునాబెడ, సిమిలిగుడ వైపు వచ్చేవాళ్లకు విజయనగరం, సాలూరు మీదుగా వచ్చే బస్సే మేలు. సుంకి ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కువ, కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందు సీట్లలో కూర్చోండి. బస్సులో సగం మంది తెలుగే మాట్లాడతారు, టీ ఆపే చోటా తెలుగే.

మొదటి రాత్రి మా తమ్ముడు బుక్ చేసిన చోట ఉన్నాం. పేరు రాయను. సిమిలిగుడకు దగ్గర్లో కొండ వాలున, ఈమధ్య వచ్చిన 'డిజైన్ హోమ్‌స్టే'ల్లో ఒకటి. సున్నం వేయని సిమెంటు గోడలు, వైర్లకు వేలాడే పసుపు బల్బులు, ఎనామిల్ కప్పులు, మూలన డోక్రా ఇత్తడి బొమ్మలు. ఒక పాత మగ్గాన్ని విరగ్గొట్టి దాని మీద అద్దం వేసి భోజనాల బల్ల చేశారు. మంచం బాగుంది, దుప్పట్లు శుభ్రం. పొద్దున్న మంచు పట్టేసరికి సోలార్ వేడినీళ్లు రాలేదు. అడగ్గానే బకెట్‌తో తెచ్చిచ్చారు. చోళ్లతో, అంటే ఇక్కడివాళ్లు మాండియా అనే గింజతో, చేసిన అట్టు రుచిగా ఉంది. ఒక కప్పు కాఫీ 280 రూపాయలు.

నన్ను బాధపెట్టింది ఇంకొకటి. రిసెప్షన్ వెనక గోడ నిండా ఒక ఆదివాసీ ముసలమ్మ ఫొటో ఉంది. ముఖం మీద పచ్చబొట్లు, ముక్కుకు నత్తులు. ఆమె ఎవరు, ఏ ఊరు, ఏ తెగ అని అడిగాను. కౌంటర్ దగ్గరి అబ్బాయికి తెలియదు. మేనేజర్‌కూ తెలియదు, "డిజైనర్ పంపారు మేడమ్" అన్నాడు. సోఫా దిండ్ల మీద కోట్‌పాడ్ నేతలో కనిపించే పీతల బొమ్మలున్నాయి. నేసినవి కావు, అచ్చు వేసినవి. ఈ చోటుకు వేరే పేరు పెట్టి కూర్గ్‌లోనో మనాలిలోనో దించినా ఒక్క మేకు మార్చక్కర్లేదు. ఆ తర్వాత దారిలో కాఫీకి ఆగిన ఇంకో రెండు చోట్లా అవే బల్బులు, అవే కప్పులు.

వేరుగా ఉండాలనుకునేవాళ్లందరూ ఒకేలా ఎందుకైపోతారన్న ప్రశ్న మీద జొనాథన్ టూబూల్ అనే గణిత శాస్త్రవేత్త 2014లో లెక్కలు కట్టి చూపించాడు. ఎక్కువమంది ఏం చేస్తున్నారో అందరికీ అదే క్షణంలో తెలియదు, కొంత ఆలస్యంగా తెలుస్తుంది. అలా తెలిశాక దానికి ఎదురు తిరగాలనుకునేవాళ్లు అందరూ ఇంచుమించు ఒకేసారి, ఒకే వైపు తిరుగుతారు. ఊరంతా గడ్డం గీసుకుంటే వీళ్లంతా ఒకేసారి గడ్డం పెంచుతారు. 2019లో ఎంఐటీ వాళ్ల పత్రిక దీని మీద వ్యాసం వేసి, పక్కన గడ్డం, టోపీ ఉన్న ఒక కుర్రాడి ఫొటో పెట్టింది. ఆ ఫొటో నాదే, అడక్కుండా వాడారని ఒకాయన గట్టిగా అభ్యంతరం చెప్పాడు. తీరా విచారిస్తే ఆ ఫొటోలో ఉన్నది వేరే మనిషి. తనను తానే పోల్చుకోలేకపోయాడన్నమాట. ఈ సంగతి చెబితే మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి ఈ గోడలకు ఏం చేయాలక్కా?" అన్నాడు. మంచి ప్రశ్నే.

రెండో రోజు నుంచి వసతి నా ఇష్టానికి వదిలేశాడు. సిమిలిగుడ బజారులో తెలుగు దంపతులు నడిపే చిన్న లాడ్జిలో దిగాం. గదులు ఇరుకు, గోడలు లేత ఆకుపచ్చ, బాత్‌రూమ్ పాతది గానీ కడిగి ఉంది. ఆ ఇంటావిడ రాత్రి వేడివేడిగా చారు, వంకాయ కూర పెట్టి "ఏటి బాబూ, గడ్డం మొక్కుకున్నావా?" అని మావాణ్ణి ఆప్యాయంగా అడిగింది. వాడూ నవ్వి "లేదు పిన్నీ" అన్నాడు. కుటుంబంతో వచ్చేవాళ్లకు ఇది చాలు. ప్రశాంతత, కొండ గాలి కావాలనుకుంటే మాత్రం ఇది సరిపోదు. కింద లారీల హారన్లు తెల్లవారుజామునే మొదలవుతాయి.

దేవమాలి గురించి ఎక్కువ రాయను. 1,672 మీటర్లతో ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, పైదాకా రోడ్డుంది. సూర్యోదయం చూడదగ్గది. సెలవు రోజుల్లో వెళ్లొద్దు. టెంట్లు, స్పీకర్లు, ప్లాస్టిక్ సీసాలు. ఇంకెవరూ రారనుకుని వచ్చినవాళ్లంతా అక్కడే కలుస్తున్నారు.

కాఫీ తోట దగ్గర మాత్రం ఆగాలి. కోరాపుట్ కాఫీకి చరిత్ర ఉంది. 1930 ప్రాంతంలో జయపురం రాజావారు ప్రయోగంగా నాటించారు. 1958 నుంచి ప్రభుత్వ భూసంరక్షణ శాఖ పెంచింది. మాచ్‌ఖండ్ జలాశయంలో మట్టి పేరుకోకుండా కొండ వాలులను పచ్చగా ఉంచాలన్నది వాళ్ల ఉద్దేశం. 2019లో ఒడిశా గిరిజన సహకార సంస్థ 'కోరాపుట్ కాఫీ' పేరుతో ప్యాకెట్లు తెచ్చింది. మేం వెళ్లిన తోట పొరజా తెగకు చెందిన ఒక ఆదివాసీ కుటుంబానిది. సిల్వర్ ఓక్ నీడ, చెట్లకు పాకిన మిరియాల తీగలు, ఎర్రగా పండిన కాయలు. అక్కడ మా తమ్ముడు ఇంకో మనిషిలా కనిపించాడు. పండినవీ పచ్చివీ కలిపి కోస్తే రుచి ఎక్కడ చెడుతుందో, గుజ్జు తీసి ఆరబెడితే ఒక రుచి, కాయతోనే ఆరబెడితే ఇంకో రుచి ఎందుకొస్తాయో చెప్పాడు. నేలమీద కాకుండా ఎత్తైన పందిరి మీద ఆరబెట్టమన్నాడు. ఆ ఇంటి కోడలు వినడమే కాదు, ఎదురడిగింది. పండినవి ఏరి కోయాలంటే ఒకే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి, ఆ కూలి ఎవరిస్తారు, షావుకారు అన్నిటికీ ఒకే ధర కడతాడు కదా అంది. వాడి దగ్గర దానికి జవాబు ఉంది: హైదరాబాద్‌లో వాడి స్నేహితులు ఏరిన గింజకు ఎక్కువ ఇచ్చి కొంటారు. అక్కడే లెక్క వేసుకుని, వచ్చే పంటకు ఎంత కావాలో రాసుకున్నారు.

ఇది చూశాక వాళ్ల గుంపు మీద నాకు గౌరవం పెరిగింది. గడ్డాలు, తూకాలు, వాళ్లలో వాళ్లకే అర్థమయ్యే కాఫీ మాటలు బయటివాళ్లను దూరం పెట్టడానికి పనికొస్తాయి. నిజమే. కానీ ఆ మాటల వెనక నేర్చుకున్న విద్య ఉంటే అది తోట దాకా వస్తుంది, ఒక కుటుంబానికి పది రూపాయలు ఎక్కువ తెస్తుంది. విద్య లేకుండా గుర్తు ఒక్కటే మిగిలితే మగ్గం బల్ల అవుతుంది.

జయపురంలో మెయిన్ రోడ్డు మీద హోటల్లో ఉన్నాం. శుభ్రం, లిఫ్టు ఉంది, వేడినీళ్లు వచ్చాయి, ధర సిమిలిగుడ 'డిజైన్' చోటుకు మూడో వంతు. నాలుగు వైపులా తిరగడానికి ఇదే మంచి మజిలీ. పొద్దున్న ఇడ్లీ, పెసరట్టు తెలుగు టిఫిన్ హోటళ్లలో దొరుకుతాయి. తెలుగువాళ్లకు జయపురం పరాయి ఊరు కాదు; ఇక్కడి మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన దాత. గుప్తేశ్వరం గుహ చూశాం, దారిలో సాల వనాలు బాగున్నాయి. డుడుమా జలపాతం వర్షాల తర్వాతే చూడాలి, ఎండాకాలం పెద్దగా నీళ్లుండవు.

కోట్‌పాడ్ కోసమైతే ఎంత దూరమైనా రావచ్చు. జయపురం నుంచి జగదల్‌పూర్ రోడ్డు మీద ఉంది, బస్సులు తరచుగా ఉన్నాయి. నేసేవాళ్లు మిర్గాన్ కులస్తులు. ఆల్ చెట్టు వేరు బెరడుతో రంగు వేస్తారు. మనవైపు దాన్నే తొగరు చెట్టు అంటాం. నూలును ఆముదం, పేడ, బూడిద నీళ్లతో రోజుల తరబడి తొక్కి, ఉతికి, ఎండబెట్టి సిద్ధం చేస్తారు. రంగు పట్టించడానికే వారాలు పడుతుంది. ఎక్కేవి ముదురు ఎరుపు, గోధుమ, అన్నభేది కలిపితే నలుపు. మిగతా బట్ట నూలు రంగులోనే ఉంటుంది. 2005లో దీనికి, ఈ నేత ఈ ప్రాంతానిదేనన్న భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఇక్కడి నేతకారుడు గోవర్ధన్ పనికాకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

మేం కూర్చున్న ఇంట్లో పెద్దాయనకు తెలుగు వచ్చు, చిన్నప్పుడు సాలూరు సంతకు వెళ్లేవాడట. హోమ్‌స్టే దిండు ఫొటో చూపిస్తే పెద్దగా పట్టించుకోలేదు. తన దగ్గరి బట్ట మడత తీసి మా తమ్ముడి ముక్కు దగ్గర పెట్టాడు. ఆముదం వాసన. "ఇది అచ్చులో రాదు బాబూ" అన్నాడు. పీత, చేప, శంఖం, గొడ్డలి బొమ్మలు ఊరికే వేసినవి కావని చెప్పాడు. ఆ బట్టలు చుట్టుపక్కల తెగల కోసం నేసినవి; ఏ తెగ ఆడవాళ్లు ఏ అంచు కడతారో, పనికి ఏ కొలత, పెళ్లికి ఏ కొలత అన్నది నేసేవాడికి తెలిసి ఉండాలి. ఎనిమిది మూరల చీర మోకాళ్ల దాకా వస్తుంది, పొలం పనికి వీలు. దూరం నుంచి అంచు చూస్తే మనిషి ఎవరో తెలిసేదన్నాడు. చూసేవాళ్లకు నేను మీలాంటివాణ్ణి కాదని చెప్పే గుర్తు కాదిది, నేను ఫలానా ఊరిదాన్ని, ఫలానా ఇంటిదాన్ని అని చెప్పే గుర్తు. నేను ఒక దుపట్టా కొన్నాను. ధర ఎక్కువే, బేరం ఆడలేదు. ఆ పని చూశాక ఆడబుద్ధి కాలేదు. బేరం ఆడొద్దని మీకూ చెబుతాను.

కోరాపుట్ నుంచి రాయగడకు రైల్లో వెళ్లండి. సొరంగాలు, లోయలు, అరకు దారికి ఏమాత్రం తీసిపోదు, రద్దీ తక్కువ. రాయగడలో మజ్జిగౌరి అమ్మవారి గుడికి మన ఉత్తరాంధ్ర భక్తులు ఎక్కువ, కాబట్టి లాడ్జీలకు, తెలుగు భోజనానికి లోటు లేదు. ఆదివారం గదులు దొరకవు, ముందే చెప్పుకోవాలి.

చాటికోనా సంత బుధవారం. నియమగిరి కొండల మీది డోంగ్రియా కొంధు ఆదివాసీలు తెల్లవారకముందే కొండ దిగి పసుపు, అల్లం, అనాస, అరటి తెస్తారు. ఆడా మగా జుట్టు పెంచి ముడేస్తారు, ఆడవాళ్ల జుట్టు నిండా పిన్నులు, ముక్కుకు మూడు పోగులు. భుజం మీద కపడాగండా శాలువా. దళసరి తెల్ల బట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో పెళ్లికాని ఆడపిల్లలు కుడతారు, ఇష్టపడ్డవాడికో అన్నదమ్ములకో ఇస్తారు. అందులోని త్రికోణాలు వాళ్ల కొండలు. 2024లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ శాలువా కప్పుకున్నవాళ్లే 2013లో, సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలినప్పుడు, పన్నెండుకు పన్నెండు ఊళ్లలోనూ బాక్సైట్ తవ్వకం వద్దన్నారు.

మేం వెళ్లేసరికి కార్లలో వచ్చిన ఒక బృందం పొడుగు లెన్సులతో తిరుగుతోంది. వాళ్ల బట్టలు మా తమ్ముడి బట్టల్లాంటివే. ఒకమ్మాయి ముఖానికి చేయి అడ్డం పెట్టుకున్నా తీస్తూనే ఉన్నారు. మావాడు కెమెరా సంచిలో పెట్టేసి పార్వతీపురం నుంచి వచ్చిన పసుపు వ్యాపారి పక్కన కూర్చున్నాడు. "ఫొటోకి డబ్బులు అడుగుతారని ఈళ్లకి కోపమండి. అడగడంలో తప్పేటుంది?" అన్నాడాయన. తప్పేమీ లేదు. అసలు తీయకపోవడం ఇంకా మేలు.

రాయగడ తిరిగొచ్చాక అక్కాతమ్ముళ్ల మధ్య వాదన జరిగింది. ఈ ఊళ్ల పేర్లు రాయొద్దక్కా, రాస్తే అరకులా అయిపోతాయి అన్నాడు. వాడి భయం అబద్ధం కాదు. విలియమ్స్‌బర్గ్‌లో అద్దెలు చౌకని కళాకారులు చేరారు, వాళ్ల వెనక కాఫీ షాపులు, 2005లో నగరపాలన నిబంధనలు మార్చాక నది ఒడ్డున పెద్ద భవనాలు వచ్చాయి. అద్దెలు కట్టలేక ఏళ్లుగా ఉన్న ప్యూర్టోరికన్ కుటుంబాలు ఎన్నో ఇళ్లు వదిలాయి. ఇక్కడ ఆదివాసీ భూమి ఇతరుల చేతికి పోకుండా 1956 నాటి రెగ్యులేషన్ ఒకటి అడ్డుగా ఉంది, అది గట్టిగా అమలు కావాలి. కానీ రహస్యంగా ఉంచడం ఎవరికి మేలు చేస్తుంది? ముందు తెలిసినవాడికి తాను వేరన్న తృప్తి మిగులుతుంది. పెద్దాయన మగ్గానికి మాత్రం కొనేవాడు దొరకడు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కాఫీ తోట ఉన్న పల్లె పేరు, నియమగిరి పైన ఊళ్ల పేర్లు రాయలేదు. పిలవకుండా అక్కడికి వెళ్లకండి. కోట్‌పాడ్ పేరు మాత్రం ఎంతమందికైనా చెబుతాను. జయపురం బస్టాండులో జగదల్‌పూర్ బస్సు ఎక్కి కోట్‌పాడ్‌లో దిగి, మిర్గాన్ నేతగాళ్ల వీధి ఎక్కడని అడగండి. ఎండగా ఉన్న నెలల్లో వెళ్తే రంగు వేయడం, నూలు ఆరబెట్టడం కూడా చూడొచ్చు. డబ్బు నేసినవాళ్ల చేతికే ఇవ్వండి.